పదడుగుల గదిలో మిక్సింగ్ స్టూడియో: మేడ మీద గదిని చెవి నమ్మే చోటుగా మార్చుకోవడం ఎలా

విజయనగరంలో మా మేడ మీద గది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. ఇటుక గోడలు, పైన శ్లాబు, కింద టైల్స్, ఒక పక్క అటక. పాత పరుపులు, వాడని సామాను పెట్టుకునే గది అది. అందులో కంప్యూటర్, రెండు స్పీకర్లు పెట్టుకుని మిక్సింగ్, అంటే పాటలో గొంతునీ వాద్యాలనీ తగిన మోతాదుల్లో కలిపే పని, మొదలుపెట్టాను.

మొదటి ఏడాది, జముకు అనే వాద్యం వాయిస్తూ కథ పాడే ఒక జముకుల కథ బృందానికి పాట మిక్స్ చేసి ఇచ్చాను. నా కుర్చీలో కూర్చుని వింటే జముకు గుమ్ము, దాని కింద వేసిన బేస్ గిటార్ పలచగా ఉన్నాయి. పెంచాను. చాలలేదనిపించి మళ్ళీ పెంచాను. వాళ్ళ ఊరి అమ్మవారి పండగలో ఆ పాటని పెద్ద బాక్సుల్లో వేస్తే బేస్ దడదడలాడి, కథ చెప్పే పెద్దావిడ మాట ఒక్కటీ వినపడలేదు. "నా మాటేదీ బాబూ?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి అదే పాట పెట్టి, కుర్చీలోంచి లేచి వెనక గోడ దగ్గరికి నడిచాను. అక్కడ ఆ దడదడ అంతా ఉంది. నా కుర్చీ దగ్గర మాత్రమే లేదు. తప్పు స్పీకర్లది కాదు, నా చెవిదీ కాదు, గదిది.

చిన్న గదిలో స్టూడియో పెట్టాలనుకునేవాళ్ళు ముందు పట్టించుకోవలసింది ఇదే. చేతిలో ఉన్న డబ్బులో కనీసం మూడో వంతు గదికి పక్కన పెట్టండి. మిగిలినదానితో వచ్చే స్పీకర్లే కొనండి.

ముందు టేపు, ఆ తర్వాతే పర్సు

గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలవండి. 565ని ఒక్కో కొలతతో భాగించండి. వచ్చేది హెర్ట్జ్, అంటే సెకనుకి ఎన్ని కంపనలో చెప్పే లెక్క. మా గదికి పొడవు వల్ల 56, ఎత్తు వల్ల 63, వెడల్పు వల్ల 71 హెర్ట్జ్ వచ్చాయి. ధ్వని సెకనుకి సుమారు 1,130 అడుగులు ప్రయాణిస్తుంది, 565 అందులో సగం. 56 హెర్ట్జ్ దగ్గర ఒక అల నిడివి 20 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య దూరం సరిగ్గా దాంట్లో సగం అయినప్పుడు అల అటూ ఇటూ కొట్టుకుని ఒకచోట నిలిచిపోతుంది. గోడల దగ్గర ఆ స్వరం ఉబ్బుతుంది, గది మధ్యలో మాయమవుతుంది. బేస్ గిటార్‌లో ఎ తీగ 55 హెర్ట్జ్. అంటే నేను గది నడిమధ్య కుర్చీ వేసుకుని సరిగ్గా ఆ తీగ మాయమయ్యే చోట కూర్చున్నానన్నమాట.

లెక్కలో మూడు సంఖ్యలూ దూరదూరంగా వస్తే మంచిది. 10 బై 10 గది, ఎత్తు కూడా 10 అయితే మూడూ 56 మీదే పడతాయి. గదిని ఎంచుకునే వీలుంటే అలాంటి గది వద్దు, కొంచెం చిన్నదైనా కోలగా ఉన్న గదే తీసుకోండి. వీలు లేకపోతే దిగులు పడొద్దు, శబ్దాన్ని పీల్చే ప్యానెళ్ళు ఎక్కువ కావాలి, అంతే.

ఇంకో విషయం ముందే తేల్చుకోండి. శబ్దం పక్కింటికి పోకుండా ఆపడం వేరు, గది లోపల శబ్దాన్ని చక్కదిద్దడం వేరు. మొదటిదానికి బరువు కావాలి: మందమైన గోడ, బరువైన తలుపు, సందులన్నీ మూసిన కిటికీ. రెండోదానికి గాలి ఆడే మెత్తని పదార్థం కావాలి. గోడకి స్పాంజ్ అతికిస్తే పక్కింటాయనకి వినపడడం తగ్గదు. మిక్సింగ్ గట్టిగా మాట్లాడుకునేంత శబ్దంలోనే చేస్తాం కాబట్టి, తలుపు అంచులకి రబ్బరు పట్టీ వేసి, కింద సందు మూస్తే చాలామందికి సరిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత హెడ్‌ఫోన్స్.

కూర్చునే చోటు

పైసా ఖర్చు లేనిదీ, ఎక్కువ తేడా తెచ్చేదీ ఇదే. అందుకే ఒక ఆదివారం పూర్తిగా దీనికే పెట్టండి.

స్పీకర్లు పొట్టి గోడకి (మా గదిలో 8 అడుగులది) దగ్గరగా ఉండాలి, శబ్దం గది పొడవునా పోవాలి. ఎడమ గోడ ఎంత దూరమో కుడి గోడా అంతే దూరం ఉండాలి. ఒక పక్క కిటికీ, ఒక పక్క బీరువా ఉంటే పాట మధ్యలో ఉండాల్సిన గొంతు ఒక పక్కకి లాగుతుంది. అటక ఉంటే అది వెనక్కి వచ్చేలా కూర్చోండి.

చెవి ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో ఉండాలని ఒక లెక్క ఉంది. పదడుగుల గదిలో అది సుమారు 3 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. ఇది శాసనం కాదు, మొదలుపెట్టడానికి ఒక చోటు. నడిమధ్యలోనూ, వెనక గోడకి తల ఆనేలాగానూ మాత్రం కూర్చోకండి. రెండు స్పీకర్లూ మీ తలా కలిపి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కావాలి. మా గదిలో ఒక్కో భుజం 3 అడుగులు. గోడకి నాలుగంగుళాల ప్యానెల్, దాని ముందు మూడంగుళాల ఖాళీ, ఆ తర్వాత తొమ్మిదంగుళాల స్పీకర్ పెట్టె: అంటే స్పీకర్ ముఖం గోడకి 16 అంగుళాల దూరంలో ఉంది. అక్కడి నుంచి త్రిభుజం గీస్తే నా చెవి 38 శాతం గీతకి ఒకటి రెండు అంగుళాల తేడాలో పడింది. ట్వీటర్, అంటే పెట్టెలో పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, చెవి ఎత్తులో ఉండాలి.

స్పీకర్ని గోడకి దూరంగా లాగమని చాలామంది చెబుతారు. పెద్ద గదిలో అది నిజం. చిన్న గదిలో రెండడుగులు లాగితే చిక్కు వస్తుంది. స్పీకర్ వెనక్కి వదిలిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చి, ముందుకి పోయే దాన్నే కొట్టేస్తుంది. ఏ స్వరం దగ్గర కొట్టేస్తుందో తెలియాలంటే 282ని స్పీకర్ ముఖానికీ గోడకీ మధ్య ఉన్న అడుగులతో భాగించండి. రెండడుగులైతే 141 హెర్ట్జ్, మగ గొంతు అడుగు భాగం, డోలక్ బరువు ఉండే చోటు. 16 అంగుళాలైతే 212. అంత పైకి వెళ్ళాక ప్యానెల్ దాన్ని కొంత పట్టుకోగలదు. గోడకి దగ్గరైతే బేస్ మొత్తంగా కొంచెం పెరుగుతుంది. దానికి స్పీకర్ వెనక మీట ఉంటుంది. యమహా హెచ్ఎస్5లో 'రూమ్ కంట్రోల్' అని 500 హెర్ట్జ్ కింద 2 లేదా 4 డెసిబెల్ (శబ్దం మోతాదుకి కొలత) తగ్గించే స్విచ్ ఉంది.

పెద్ద టేబుల్ వద్దు. స్పీకర్ నుంచి వచ్చే శబ్దం టేబుల్ మీద పడి చెవికి రెండోసారి చేరుతుంది, దాంతో గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. చిన్న బల్ల, దాని వెనక విడిగా స్పీకర్ స్టాండ్లు. స్టాండ్లు కొనక్కర్లేదు. నావి సిమెంట్ ఇటుకల దొంతరలు, పైన మందమైన రబ్బరు ముక్క. ఎంత బరువుంటే అంత మంచిది.

ప్యానెళ్ళు

గది ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పట్టు వెనకే 'టింగ్' అని తీగ మీటినట్టు చప్పుడొస్తే, అది ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుంటున్న శబ్దం. దాన్ని పలచని స్పాంజ్ కూడా తగ్గిస్తుంది. అందుకే జనం అంగుళం మందం స్పాంజ్ గది నిండా అతికించి పని అయిపోయిందనుకుంటారు. నేనూ ఒక కొట్లో కొని అతికించాను. పై స్వరాలు చచ్చిపోయి, బేస్ అలాగే మిగిలి, గది బావిలా తయారైంది. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ సంగతీ అంతే. బేస్‌ని అవి అసలు ముట్టుకోవు.

కావలసింది రాక్‌వూల్ పలకలు. ఫ్యాక్టరీల్లో బాయిలర్లకి, వేడి పైపులకి చుట్టే సామాను అది. విశాఖలో ఇండస్ట్రియల్ ఇన్సులేషన్ అమ్మేవాళ్ళ దగ్గర అడగండి. ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత, 50 మిల్లీమీటర్ల మందం చెప్పండి. రెండు పలకలు కలిపితే నాలుగంగుళాలు. పలక ఇంటికి తెచ్చి కొలిచాకే వడ్రంగికి ఫ్రేము కొలత ఇవ్వండి. కాగితం మీద రాసినదానికీ చేతికొచ్చినదానికీ అర అంగుళం తేడా ఉంటుంది.

మా వడ్రంగి కొలత చూసి, "ఏటి బాబూ ఇంత లావు? రెండంగుళాలు సరిపోవా?" అన్నాడు. సరిపోవు. మందం తగ్గించి సంఖ్య పెంచడం కన్నా, నాలుగు ప్యానెళ్ళే అయినా మందంగా చేయించుకోవడం మేలు.

రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్క్, కళ్ళద్దాలు తప్పనిసరి. మేడ మీద ఆరుబయట కోయండి, ఫ్యాను కింద వద్దు. పొడి ఒంటి మీద పడితే రుద్దకుండా చన్నీళ్ళతో కడుక్కోవాలి. పలకని ముందు పలచని నాన్‌వోవెన్ గుడ్డలో చుట్టి, తర్వాత ఫ్రేములో పెట్టి, పైన గుడ్డ బిగించండి.

పైగుడ్డకి ఒకటే పరీక్ష: నోటికి ఆనించి ఊదండి. గాలి అవతలికి సులువుగా పోతే అది పనికొస్తుంది. రెగ్జిన్, మందమైన సోఫా గుడ్డ పనికిరావు. మన జిల్లాలు గోగునారకి పేరుపడినవి, గోనె గుడ్డ ఎక్కడైనా దొరుకుతుంది. నా మూల ప్యానెళ్ళకి అదే వేశాను. రెండు రోజులు ఎండలో పడేసి దులిపితే వాసన పోతుంది. కానీ గోనెకి నిప్పు త్వరగా అంటుకుంటుంది. ప్లగ్గులు, వైర్లు, దీపం దగ్గరికి రానీయకండి. కంటి ముందు కనిపించే ప్యానెళ్ళకి నేత గుడ్డ వేశాను. పొందూరు ఖద్దరు వేద్దామని ఒకసారి ఆశపడ్డాను గానీ, వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో అంత సన్నగా వడికిన గుడ్డని మేకులు కొట్టి గోడకెక్కించడానికి మనసొప్పలేదు. ముతక నేత గుడ్డ చాలు.

పెట్టే వరుస ఇది. ముందు మూలలు. రెండు గోడలు కలిసే చోట ప్యానెల్‌ని ఏటవాలుగా నిలబెట్టి, వెనక ఖాళీ ఉంచండి. బేస్ ఎక్కువగా పోగయ్యేది మూలల్లోనే. డబ్బుంటే ఆ వెనక ఖాళీని కూడా రాక్‌వూల్‌తో నింపండి. తర్వాత పక్క గోడలు. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంట్లో ఎవరినైనా అద్దం పట్టుకుని గోడ వెంట జరపమనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ప్యానెల్. రెండో పక్కా అలాగే. ఇదే పద్ధతిలో తల మీద సీలింగ్‌కి ఒకటి, దీనికి శ్లాబులో యాంకర్ బోల్టులు వేసి గొలుసులతో వేలాడదీయాలి, మేకుల్ని నమ్మొద్దు. చివరికి వెనక గోడ.

అటకని ఖాళీ చేయకండి. మా అటక మీద నాలుగు పాత దూది పరుపులు, బొంతలు కిక్కిరిసి ఉన్నాయి. అవి తీసి చూస్తే వెనక నుంచి వచ్చే గుమ్ము పెరిగింది, తిరిగి పెట్టేశాను. దూది మందంగా ఉంటే అదీ బేస్‌ని ఎంతో కొంత తాగుతుంది.

ప్యానెళ్ళని గోడకి అంటించేయకుండా రెండు మూడంగుళాలు వదిలి పెట్టండి. శబ్దానికీ మంచిది, వానాకాలంలో మన సముద్రపు తేమకి బయటి గోడ చెమరిస్తే బూజు పట్టకుండానూ ఉంటుంది. చెద పట్టినా కళ్ళకి కనిపిస్తుంది. స్పీకర్ల వెనక ఇచ్చిన అంగుళాల లెక్కకి ఈ ఖాళీని కూడా కలుపుకోండి.

కరెంటు

స్పీకర్లలో సన్నని 'జుయ్' మంటే ముందు ఎర్తింగ్ చూడాలి. పాత ఇళ్ళలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది గానీ మూడో కన్నానికి వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, పెరట్లో బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత ఉందో లేదో చూపించుకోండి. ఆ 'జుయ్' పోతుందని ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కంప్యూటర్, ఇంటర్‌ఫేస్ (మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె), స్పీకర్లు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే సగం చప్పుళ్ళు పోతాయి. స్పీకర్లకి బయటి చప్పుడు ఎక్కనివ్వని బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళే వాడండి. ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌ది కావాలి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద స్పీకర్లు గీపెడతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్ళకి బ్యాకప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాట ప్రాజెక్టు ఎప్పుడూ రెండు డ్రైవుల్లో ఉండాలి, వాటిలో ఒకటి ఇంకో ఇంట్లో.

వేసవిలో ఫ్యాను పెద్ద సమస్య. చప్పుడు ఒక్కటే కాదు, రెక్కలు తిరుగుతూ సీలింగ్ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని కోస్తాయి, పై స్వరాలు వణుకుతాయి. ఏసీ పెట్టగలిగితే పెట్టండి, గాలి నేరుగా కుర్చీ మీదికి రాకుండా. లేకపోతే సూక్ష్మమైన పనులు తెల్లవారుజామున చేసుకోండి. నేను మే నెలంతా 4 గంటలకే లేస్తాను. ఆ వేళ వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది.

సామాను

ఇక్కడ ఎక్కువ చెప్పను, అందరూ ముందు అడిగేదీ, చివర ఆలోచించాల్సిందీ ఇదే. ఈ సైజు గదికి 5 అంగుళాల స్పీకర్లు చాలు. 8 అంగుళాలవి తెస్తే గది తట్టుకోలేదు, సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే విడి స్పీకర్) అసలే వద్దు. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది, సరిపోతుంది. రికార్డింగ్, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కి రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసి, తర్వాత లైసెన్సు కొనుక్కోవచ్చు. ఒక మంచి హెడ్‌ఫోన్ మాత్రం తప్పదు. వెనక తెరిచి ఉండే రకం మిక్సింగ్‌కి బాగుంటుంది, పాడేవాళ్ళకి మూసి ఉండే రకం కావాలి. 80 హెర్ట్జ్ కింద ఏం జరుగుతోందో చిన్న గది కన్నా మంచి హెడ్‌ఫోనే నిజం చెబుతుంది.

గదిని కొలవడం

రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బెరింగర్ ఇసిఎమ్8000 లాంటి కొలత మైకు ఒకటి కొనండి లేదా స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి. మీ తల ఉండే చోట మైకు పెట్టి స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా పాకే శబ్దం) వేస్తే, ఏ స్వరం ఎంత వినపడుతోందో చూపే గీత వస్తుంది. మొదటిసారి చూస్తే టెన్షన్ పడతారు, 10, 15 డెసిబెల్ కొండలూ లోయలూ ఉంటాయి. చిన్న గదిలో అది మామూలే. కుర్చీని నాలుగంగుళాలు ముందుకి, నాలుగంగుళాలు వెనక్కి జరిపి మళ్ళీ కొలవండి. ఏ చోట లోయలు తక్కువో అక్కడ నేల మీద టేపు అతికించండి. కొండల్ని ఈక్యూతో (ఎంచుకున్న స్వరాల్ని పెంచే, తగ్గించే సాధనం) కొంత దించవచ్చు. లోయని ఈక్యూతో పూడ్చలేరు. అక్కడ ఎంత పెంచితే అంత కొట్టుకుపోతుంది, స్పీకర్ మీద భారం మిగులుతుంది.

గీతలు చూడటం అయ్యాక 30 హెర్ట్జ్ నుంచి 200 వరకు ఒకే స్వరాన్ని చాలా నిదానంగా పైకి నడిపించండి. కళ్ళు మూసుకుని వినండి. మా గదిలో 63 దగ్గర ఎక్కడి నుంచో 'టిర్ర్' అని మొదలైంది. కిటికీ అనుకున్నాను, కాదు. ప్యానెల్ ఫ్రేము అనుకున్నాను, కాదు. ఒక్కో వస్తువు మీదా అరచెయ్యి ఆనించుకుంటూ పోతే పక్క గదిలో ఉన్న బీరువా తలుపు. స్వరం 65 దాటగానే ఆగిపోతోంది. తలుపు సందులో మడిచిన గుడ్డముక్క పెడితే పోయింది. ఎన్నో నెలలుగా ఆ చప్పుడుని నేను బేస్ గిటార్ తీగ మోత అనుకుని ఈక్యూలో కోస్తూ వచ్చాను.

వినే శబ్దం ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండాలి. ఇంత చిన్న గదులకి పింక్ నాయిస్ (వాన హోరులాంటి పరీక్ష శబ్దం) వేసి ఒక్కో స్పీకర్ 76 డెసిబెల్ వచ్చేలా సరిచేసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఫోన్ యాప్‌తో కొలిచినా పని జరుగుతుంది. ఆ చోట ఇంటర్‌ఫేస్ నాబ్ పక్కన పెన్నుతో గీత పెట్టండి. శబ్దం పెంచితే చెవికి బేస్, పై స్వరాలు రెండూ ఎక్కువగా వినపడతాయి, అందుకే రోజుకొక మోతాదులో వింటే రోజుకొక మిక్స్ వస్తుంది.

గదిని నేర్చుకోవడం

ఇంత చేసినా పదడుగుల గది పూర్తిగా నిజం చెప్పదు. ఎక్కడ అబద్ధం చెబుతుందో మీకు తెలియాలి. మీకు నరనరానా ఎక్కిన పాటలు పదీ పదిహేను తీసుకుని రెండు వారాలు ఏమీ మిక్స్ చేయకుండా ఆ గదిలో వినండి. ఘంటసాల, సుశీల గొంతుల పాత రికార్డింగులు కొన్ని వాటిలో ఉండనీయండి. ఇద్దరూ మన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్ళని అభిమానంతో మాత్రమే చెప్పడం లేదు. గొంతు ముందుండి వాద్యం దాన్ని మోసే తీరు వాటిలో స్పష్టంగా ఉంటుంది. గొంతు మీ గదిలో మరీ ముందుకొచ్చినట్టుంటే, మీ మిక్సుల్లో అది వెనకబడబోతోందని అర్థం. ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించండి. నా కాగితం మీద ఇప్పటికీ ఉన్నవి: '56 దగ్గర తక్కువ వినపడుతుంది, పెంచకు. 200 దగ్గర కొంచెం ఎక్కువ, కోయకు. జముకు హెడ్‌ఫోన్‌లో చూడు.'

పాట ఇచ్చేముందు మోనోలో వినండి. పండగ బాక్సులు, వీధి మైకులు, చాలా ఫోన్లు రెండు పక్కల్నీ ఒకటి చేసి వాయిస్తాయి. స్టీరియోలో వెడల్పుగా పరుచుకున్న తప్పెటగుళ్ళ మోత మోనోలో సగం మాయమైతే అక్కడే సరిచేయాలి. తర్వాత ఫోన్ స్పీకర్‌లో, ఆ తర్వాత ఆటోలో. మా వీధి చివర ఆటో నడిపే అన్నయ్య తన స్పీకర్ బాక్సులో నా ప్రతి పాటా ఒకసారి వేస్తాడు. నేను వెనక సీట్లో కూర్చుని మయూరి జంక్షన్ దాకా వెళ్ళి వస్తాను. ఇంజను మోతలో కూడా కథ చెప్పేవాళ్ళ మాట విడివిడిగా వినపడితే ఫైలు పంపుతాను. లేకపోతే మళ్ళీ మేడెక్కుతాను.